తలుపులేసుకున్న ఎర్ర దేశం: నేషన్‌స్టేట్స్ ఆడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి కాస్త ఎడంగా నాదొక చిన్న జిరాక్స్ కొట్టు, దానికి ఆనుకుని నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్. పొద్దున్న ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు. సాయంత్రం రికార్డు బైండింగులు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం గిరాకీ ఉండదు. ఆ రెండు గంటలూ కౌంటర్ వెనక కూర్చుని నేనొక కమ్యూనిస్టు దేశాన్ని ఏలుతుంటాను. ప్రింట్ కోసం వచ్చిన డిగ్రీ పిల్లలు స్క్రీన్ మీద ఎర్ర జెండా చూసి ఆగిపోతారు. ఆగినవాళ్లందరూ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతారు. చెప్పి చెప్పి గొంతు పోతోంది కనక రాసి పెడుతున్నాను.

ఏటి బావూ ఇది, యుద్ధం ఆటా?

కాదు. ఇందులో తుపాకీ పేలదు, ట్యాంకు కదలదు. నేషన్‌స్టేట్స్ బ్రౌజర్‌లో ఆడే రాజకీయ ఆట. మాక్స్ బ్యారీ అనే ఆస్ట్రేలియా రచయిత తన నవల ప్రచారం కోసం 2002లో మొదలుపెట్టాడు. ప్రచారం అవసరం ఎప్పుడో తీరిపోయింది, ఆట మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, పాత ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.

దేశానికి ఒక పేరు, జెండా, నినాదం, జాతీయ జంతువు, కరెన్సీ పెట్టుకోవాలి. ఆ తర్వాత ఆటంతా ఇష్యూల మీదే. ఇష్యూ అంటే మన టేబుల్ మీదకొచ్చే ఒక పంచాయితీ. ముగ్గురో నలుగురో వచ్చి తలా ఒక సలహా ఇస్తారు. ఒకటి ఒప్పుకుంటే అదే చట్టం. ఏదీ నచ్చకపోతే కొట్టిపారేయొచ్చు. ఒకేసారి 5 ఇష్యూల దాకా పేరుకుంటాయి. గెలవడమంటూ లేదు, చివరి లెవెల్ లేదు.

నా దేశం కరెన్సీ జీడిపిక్క, పలాస పుణ్యాన. జాతీయ జంతువు తేలినీలాపురం గూడబాతు. దేశం పేరు మాత్రం చెప్పను. చెప్తే రాత్రికల్లా మా బావమరిది టెలిగ్రాములు (ఆటలో పంపుకునే సందేశాలు) మొదలెడతాడు.

మొదటి రోజే కమ్యూనిస్టు దేశం అయిపోతామా?

మీరు ఎర్ర జెండా పెట్టినంత మాత్రాన ఆటకి ఏమీ తెలియదు. ప్రారంభంలో మీ అభిప్రాయాల గురించి కొన్ని వాక్యాలు అడుగుతుంది, వాటిని బట్టి దేశం ఒక వైపు కాస్త ఒరుగుతుంది. మిగతాదంతా ఇష్యూల ద్వారా రావాల్సిందే. ప్రైవేటు వ్యాపారాన్ని రద్దు చేసే సలహా దొరికి, దాన్ని ఒప్పుకున్న రోజు మీ పాలసీల పేజీలో సోషలిజం అన్న బిళ్ల కనబడుతుంది. అప్పుడు పన్ను నూరు శాతానికి చేరితే కంగారు పడకండి. జీతమిచ్చేదీ ప్రభుత్వమే, తీసుకునేదీ ప్రభుత్వమే అయినప్పుడు ఆ అంకెకి అర్థం వేరు.

ఒంటరి దేశం అంటే ఆటలో సరిగ్గా ఏం చెయ్యాలి?

మూడు తలుపులున్నాయి. మూడింటికీ గొళ్లెం వేరు.

మొదటిది రీజియన్, అంటే దేశాలు గుంపుగా ఉండే చోటు. కొత్త దేశాలు ఎక్కువగా పసిఫిక్ పేరున్న పెద్ద రీజియన్లలో పుడతాయి. పుట్టిన గంటలోపే "మా రీజియన్‌కి రండి" అంటూ టెలిగ్రాములు వచ్చి పడతాయి, సర్పంచ్ ఎన్నికలప్పుడు గుమ్మం ముందు కరపత్రాలు పడ్డట్టు. రిక్రూట్‌మెంట్ టెలిగ్రాములు వద్దని సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. ఆ తర్వాత సొంత రీజియన్ పెట్టుకోండి. అడిగినప్పుడు ఫ్రాంటియర్ (కొత్త దేశాలు వచ్చి పుట్టే రకం) కాకుండా స్ట్రాంగ్‌హోల్డ్ (తలుపులేసుకోగలిగే రకం) అన్నది ఎంచుకుని పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. మా కొట్లో ముగ్గురు కుర్రాళ్లు కలిసి రీజియన్ పెట్టారు. ఒకడు బయటికెళ్లి తిరిగి రాబోతే పాస్‌వర్డ్ ఒక్కడికీ గుర్తు లేదు.

రెండోది వరల్డ్ అసెంబ్లీ, ఆటలోని దేశాలు చేరి తీర్మానాలు చేసే సభ. చేరకండి. అందులో ఉన్నవాళ్లకి అక్కడ నెగ్గిన తీర్మానం వాళ్ల ఇష్టంతో పని లేకుండా అమలవుతుంది, దేశం లెక్కలు మారిపోతాయి. దీని పేరు ఒకప్పుడు ఐక్యరాజ్యసమితే. అసలు ఐక్యరాజ్యసమితి నుంచి అభ్యంతరం వస్తే 2008లో పేరు మార్చారు. బయట ఉన్న దేశాన్ని కూడా వాళ్లు ఖండిస్తూ తీర్మానం చేయొచ్చు, కానీ దానివల్ల మీ పేజీ మీద ఒక బిళ్ల పడుతుంది, అంతే. ఒంటరి కమ్యూనిస్టు దేశానికి అంతకంటే నగ ఏముంటుంది?

మూడోది అసలు తలుపు: పాలసీలు. విదేశీ వ్యాపారం బంద్ చేసే ఆటార్కీ, వలస రానివ్వకపోవడం, వలస పోనివ్వకపోవడం, సెన్సార్‌షిప్, ఇంటర్నెట్ నిషేధం. వీటికి బటన్లు ఉండవు. తగిన ఇష్యూ వచ్చినప్పుడే, తగిన సలహా ఎంచుకుంటేనే వస్తాయి.

రెండు నెలలైంది, ఆటార్కీ రాలేదు. ఆట చెడిపోయిందా?

చెడిపోలేదు. ఇష్యూలు వెయ్యికి పైగా ఉన్నాయి. మీ దేశం పరిస్థితిని బట్టి ఏవి రావాలో ఆట తేలుస్తుంది. ప్రైవేటు కంపెనీలే లేని దేశానికి కంపెనీల మీద ఇష్యూ రాదు. సంత రోజు రాకుండా సంతకెళ్తే ఖాళీ మైదానమే కనబడుతుంది. ఈలోపు ఏది పడితే అది ఒప్పుకోకండి. సరిపడని ఇష్యూని కొట్టిపారేయడం కూడా పాలనే.

తలుపులేశాక ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఎక్కడ తప్పు చేశాను?

అందరూ ఇక్కడికే వస్తారు. తలుపు వేయడం తేలిక. వేసిన తర్వాత ఇల్లు దేంతో నడుస్తుందన్నదే ఈ ఆట.

ఎకానమీ ర్యాంకు అట్టడుగున "ఇంప్లోడెడ్", పైన "ఫ్రైటెనింగ్" దాకా ఉంటుంది. ఆటార్కీ పెట్టగానే నాలుగు మెట్లు దిగినా ఆశ్చర్యం లేదు. చాలామంది అప్పుడు కంగారుపడి వచ్చిన ప్రతి ఇష్యూలోనూ పరిశ్రమలకి అనుకూలంగా ఓటేస్తారు. రెండు వారాల్లో ఆటార్కీ పోతుంది, సోషలిజం పోతుంది, మిగిలేది ఎర్ర జెండా ఒక్కటే.

ఎకానమీ పేజీలో ఒక చిన్న గ్రాఫ్ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ప్రభుత్వం, ప్రభుత్వ పరిశ్రమ, ప్రైవేటు పరిశ్రమ, బ్లాక్ మార్కెట్ అని నాలుగు వాటాలు. మీరు కొత్తగా ఒక వస్తువుని నిషేధించిన ప్రతిసారీ ఈ నాలుగో వాటా మీద కన్నేయండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రాష్ట్రం సరిహద్దు పక్కన ఉన్న ఊళ్లో ఇటు ధర పెరిగితే రాత్రికి అటు నుంచి సంచి వస్తుంది. ఆటలో సరిహద్దు కనబడదు గానీ ఆ సంచి మాత్రం వస్తుంది, గ్రాఫ్‌లో వాటాగా.

నేను చేసిందేమిటంటే: ఒక్కసారిగా అన్నీ మూయలేదు. ముందు చదువు, వైద్యం, రవాణా ప్రభుత్వం చేతిలోకి తెచ్చాను. తర్వాత సోషలిజం. ఆ తర్వాత ఇంచుమించు నెల రోజులు ప్రభుత్వ పరిశ్రమకి లాభించే సలహాలే ఒప్పుకున్నాను. పర్యావరణం దెబ్బతింది, నా చెరువులు నల్లబడ్డాయి, ఒప్పుకుంటాను. ఆటార్కీ చివర్లో. ఇంతా చేసి నా దేశం ఎకానమీ "ఫెయిర్" దగ్గరే ఆగింది. తలుపులేసుకున్న దేశానికి అది మంచి మార్కే అని నా లెక్క. "ఫ్రైటెనింగ్" కావాలనుకునేవాళ్లు పెట్టుబడిదారీ దేశం పెట్టుకోండి, సిగ్గేం లేదు.

నిజం దేశాలు ఎలా నెట్టుకొచ్చాయి? వాటిని చూసి ఆడొచ్చా?

ఆడొచ్చు, కాకపోతే దగ్గరగా చూడాలి. ఒంటరి దేశం అనగానే అందరూ చెప్పేది యూరప్‌లోని అల్బేనియా. ఎన్వర్ హోజా 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఏలాడు. 1948లో యుగోస్లావియాతో తెగతెంపులు, 1961లో సోవియట్ యూనియన్‌తో, 1978లో చైనాతో. 1967లో మతాన్నే నిషేధించాడు. 1976 రాజ్యాంగంలో విదేశీ అప్పు తీసుకోకూడదని రాసుకున్నారు. దేశమంతా పుట్టగొడుగుల్లా లక్షకి పైగా కాంక్రీటు బంకర్లు కట్టారు. ఇళ్లు కట్టాల్సిన సిమెంటు అది.

ఆ మూడు సంవత్సరాలూ మళ్లీ చదవండి. 1948 దాకా యుగోస్లావియా ఇచ్చింది, తర్వాత మాస్కో ఇచ్చింది, తర్వాత బీజింగ్ ఇచ్చింది. నిజంగా ఎవరూ ఇవ్వని కాలం చివరి పదమూడేళ్లే. ఆ పదమూడేళ్లలోనే దేశం ఎండిపోయింది. ఉత్తర కొరియాది కూడా ఇదే వరస. స్వయం సమృద్ధి మా సిద్ధాంతం అంటూనే సోవియట్ చమురు మీద నడిచింది. 1991లో అది ఆగాక 1990ల మధ్యలో కరువొచ్చింది. రేషన్ డిపోలు ఖాళీ అయితే జనమే వీధుల్లో సంతలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వద్దన్నా ఆ సంతలే బతికించాయి. ఇందాకటి నాలుగో వాటా గుర్తొచ్చిందా? అదే సోవియట్ చమురు ఆగాక క్యూబా కూడా పెట్రోలు లేక చైనా నుంచి లక్షల సైకిళ్లు తెప్పించుకుంది.

కాబట్టి దేశం చరిత్ర రాసుకునేటప్పుడు, ఆటలో అందుకు ఫ్యాక్ట్‌బుక్ అని ఒక చోటుంది, "మా దేశం ఎవరి మీదా ఆధారపడదు" అని మొదలెట్టకండి. నిన్నటిదాకా ఎవరిచ్చారు, ఎందుకు మానేశారు అన్నది రాయండి. కథ దానంతటదే నడుస్తుంది.

వలస పోకుండా ఆపే పాలసీ పెట్టమంటారా?

నన్ను ఎక్కువ రోజులు ఆపిన ఇష్యూ ఇదే. ఆటలో చూస్తే సమాధానం సులువు: ఒంటరి దేశం కావాలంటే పెట్టాలి. పెట్టకపోతే తలుపు సగమే వేసినట్టు.

కానీ మనది ఏ జిల్లా? 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా చేపల రేవు సరిగ్గా లేక మన మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్లి ఎవరిదో బోటు ఎక్కుతారు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లే సముద్రంలో గీత దాటి పాకిస్తాన్ చేతికి చిక్కారు. మన జిల్లా వాళ్లు, విజయనగరం వాళ్లు. 2020 జనవరిలో వాఘా దాటి 20 మంది ఇంటికొచ్చారు. ఆ పదమూడు నెలల్లో వాళ్లింటి ఆడవాళ్లు పట్టుకు తిరిగిన అర్జీల్లో కొన్ని నా కొట్లోనే జిరాక్స్ తీశాను. అది చేసినవాడికి "పౌరులు దేశం దాటరాదు" అన్న వరస మీద క్లిక్ చేయడానికి వేలు అంత తేలిగ్గా రాదు. మా చిన్నాన్న కూడా చెన్నైలో తాపీ పని చేసి పంపిన డబ్బుతోనే మా ఇంటికి స్లాబు పడింది.

అల్బేనియాలో దేశం విడిచి పారిపోవడం ద్రోహం. తలుపు విరిగాక ఏమైందో తెలుసా? 1991 ఆగస్టులో క్యూబా నుంచి పంచదార తెచ్చిన వ్లోరా అనే ఓడ దుర్రెస్ రేవులో ఉంటే, జనం ఎగబడి ఎక్కి కెప్టెన్‌ని ఇటలీకి నడపమన్నారు. ఇరవై వేల మంది దాకా. ఆ ఫొటోలో ఓడ కనబడదు, మనుషులే కనబడతారు.

నేను చివరికి పెట్టాను. ఎనిమిది నెలలు ఉంచాను కూడా. మిగతాది ఆఖరి ప్రశ్నలో.

నా దేశాన్ని "సైకోటిక్ డిక్టేటర్‌షిప్" అంటోంది! నేనేం అంత చెడ్డవాణ్ని కాదు.

పౌర హక్కులు, ఆర్థికం, రాజకీయ స్వేచ్ఛ అన్న మూడు కొలతల్ని బట్టి ఆట 27 బిళ్లల్లో ఒకటి తగిలిస్తుంది. మూడూ పడిపోతే ఈ బిళ్లే. తలుపులేసినందుకు కాదు, లోపలున్నవాళ్ల నోరు కట్టేసినందుకు వచ్చింది. పౌర హక్కులూ ఓటూ ఉంచుతూనే వ్యాపారం మూయొచ్చు, "లెఫ్ట్-వింగ్ యుటోపియా" బిళ్ల దాకా వెళ్లొచ్చు. కష్టం, ఎందుకంటే ఇష్యూలు రాసేది ఆడేవాళ్లే, వాళ్లకి వెటకారం ఎక్కువ. మధ్యేమార్గం సలహా అరుదుగా దొరుకుతుంది. ఒకడు అన్నీ కాల్చేయమంటాడు, ఇంకొకడు అన్నీ అమ్మేయమంటాడు.

ఎవరైనా దాడి చేస్తే?

దేశం మీద దాడి అన్నది లేదు. యుద్ధాలన్నీ ఫోరంలో కథలుగా రాసుకునేవే. మీరు "నేను ఒప్పుకోను" అంటే అక్కడికి అయిపోయింది. నిజంగా జరిగేది రీజియన్ కబ్జా: వరల్డ్ అసెంబ్లీ సభ్యులు గుంపుగా వచ్చి, ఒకరికొకరు మద్దతిచ్చుకుని, డెలిగేట్ (రీజియన్ ప్రతినిధి) కుర్చీ పట్టి, జెండా మార్చి, పాతవాళ్లని గెంటేస్తారు. గెంటేసినా మీ దేశం లెక్కలు చెక్కుచెదరవు, రిజెక్టెడ్ రెల్మ్స్ అనే రీజియన్‌లో తేలతారంతే. పాస్‌వర్డ్ ఉన్న సొంత రీజియన్‌లో ఒక్కరే కూర్చుంటే ఆ భయమూ లేదు.

అక్టోబరు చివర్లో జాంబీలొస్తాయంట, నిజమేనా?

నిజమే, హాలోవీన్ సరదా. మందు కనిపెట్టాలా, కాల్చేయాలా, జాంబీలతో కలిసిపోవాలా అని అడుగుతుంది. రీజియన్‌లో ఒంటరిగా ఉన్నవాడికి అంటించే పొరుగు తక్కువ. ఏడాదికోసారి మన విధానం సరైనదని రుజువయ్యే రోజు.

ఇంట్లో నాన్న తిట్టారు, కమ్యూనిస్టు జెండా ఏంటని. ఏం చెప్పాలి?

ముందు మీ నాన్నగారి ఊరేదో కనుక్కోండి. పార్వతీపురం, పాలకొండ, సోంపేట వైపైతే ఆ తిట్టు వెనక ఉన్నది వీడియో గేము కోపం కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపిన దగ్గర్నుంచి ఈ జిల్లాలో ఆ మాటకి బరువు మారిపోయింది. ఆ తర్వాత వచ్చిన శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. ఇద్దర్నీ 1970 జులైలో కాల్చి చంపారు. అటు వైపు కుటుంబాలూ ఉన్నాయి, ఇటు వైపు కుటుంబాలూ ఉన్నాయి. నా కొట్టుకి ఇద్దరూ వస్తారు.

అందుకని నాదొక పద్ధతి: ఎర్ర జెండా నా స్క్రీన్ మీద ఉంటుంది, గోడ మీద ఉండదు. పోయినేడు ఒక కుర్రాడు తన ఆట దేశానికి "విప్లవ నాయకుల" పోస్టరు కలర్ ప్రింట్ తీయమని నిజం మనుషుల ఫొటోలు తెచ్చాడు. తీయనన్నాను. సుత్తి కొడవలి బదులు ఏతాం, గూడబాతు వేసుకోమన్నాను. ఏతాం అంటే ఏంటని అడిగాడు.

రోజూ ఆడకపోతే దేశం పోతుందా?

28 రోజులు లాగిన్ కాకపోతే దేశం మాయమవుతుంది. ముందే వెకేషన్ మోడ్ పెట్టుకుంటే 60 రోజుల దాకా ఆగుతుంది. మాయమైనా తర్వాత పాస్‌వర్డ్‌తో మళ్లీ లేపుకోవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా అత్తవారి ఊరు అటే. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, నేనక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి చూస్తే నా దేశం 5 ఇష్యూలతో అలాగే కూర్చుంది. చెట్టు పడలేదు, పుట్ట పడలేదు. ఆటార్కీ దేశానికి బయటి నుంచి బియ్యం మూట రావాల్సిన అవసరమూ పడలేదు. అత్తవారి ఊళ్లో పడింది, ఎక్కడెక్కడి నుంచో లారీలొచ్చాయి.

ఇంగ్లిష్ రాదు, ఆడగలనా?

కష్టపడితే. ఫోన్‌లో అనువాదం పెట్టుకుంటే విషయం తెలుస్తుంది, వెటకారం చచ్చిపోతుంది. ఇద్దరు కలిసి ఒక దేశం ఆడండి, ఒకరు చదివి చెప్పాలి, ఇంకొకరు తేల్చాలి. మా ఆవిడ అలాగే తేలుస్తుంది. ఆవిడ తేల్చిన వారం బ్లాక్ మార్కెట్ తగ్గింది.

మీ దేశం ఇప్పుడెలా ఉంది?

విదేశీ వ్యాపారం ఇప్పటికీ లేదు. వలస రావడం లేదు. ఎనిమిది నెలల తర్వాత వలస పోవడం మీద మళ్లీ ఇష్యూ వచ్చింది, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. ఈసారి తలుపు తీశాను. తీసి, మర్నాడు పొద్దున్నే జనాభా అంకె చూశాను. ఒక్కరు తగ్గలేదు. ఆటలో జనాభా దేశం వయసుని బట్టి పెరుగుతూనే పోతుంది, తలుపుతో దానికి సంబంధం లేదు. ఆ మధ్యాహ్నమే ఒక కుర్రాడు వేరావల్ వెళ్లడానికి రైలు టికెట్ ప్రింట్ కోసం వచ్చాడు. విశాఖపట్నం నుంచి స్లీపరు, వెయిటింగ్ లిస్ట్ 41. ఎక్కేస్తానన్నాడు.